కంప్యూటర్లను కడుపులో దాచుకున్న బల్ల

బదిలీ ఉద్యోగం చేసేవాడు చెక్క సామాను చేయించుకోకూడదని మన బ్యాంకులో పెద్దలంటారు. మూడేళ్లకోసారి లారీ ఎక్కించి దించేసరికి బీరువా కాళ్లు ఊగుతాయి, మంచం కిర్రుమంటుంది, అద్దం పగులుతుంది. అందుకని చాలామంది ప్లాస్టిక్ కుర్చీలతో, మడత బల్లలతో సర్వీసు మొత్తం నెట్టుకొస్తారు. ఇన్నాళ్లూ మా ఇంట్లోనూ అంతే. జంషెడ్‌పూర్ వచ్చి సిద్ధగోరాలో రెండు గదుల ఇంట్లో దిగాక మాత్రం ఆ పద్ధతి కుదరలేదు. మా ఆవిడ ఇంటి నుంచే రెండు కంపెనీలకు జమాఖర్చులు రాస్తుంది. అమ్మాయి ప్లస్ టూ చదువుతోంది, సగం పాఠాలు తెర మీదే. ఇద్దరికీ కలిపి ఉన్నది భోజనాల బల్ల ఒక్కటే. పైగా మా ఆవిడకు మెడనొప్పి మొదలైంది. డాక్టరుగారు మందుల కంటే ముందు, "మీరు పనిచేసే బల్ల ఎత్తెంత?" అని అడిగారు. కొలిచి చూస్తే ముప్పై అంగుళాలు. ఆవిడ ఎత్తు అయిదడుగుల ఒక్క అంగుళం.

అలా మొదలైన పని ఆరడుగుల టేకు బల్లగా తేలింది. మధ్యలో ఉన్న గూట్లో రెండు కంప్యూటర్లు, ఒక యూపీఎస్ కూర్చున్నాయి. పైన రెండు తెరలు, రెండు కీబోర్డులు తప్ప మరేమీ కనబడవు. చూసినవాళ్లంతా ఎలా చేయించారని అడుగుతుంటే విడివిడిగా చెప్పడం కన్నా మన పత్రికలో రాస్తే నయమనిపించింది. చెక్క గురించి ఎక్కువ రాస్తాను. విద్యుత్తు గురించి ఇంకా ఎక్కువ, ఎందుకంటే ప్రమాదం ఉన్నది అక్కడే.

యంత్రాన్ని బల్లలో కూర్చోబెట్టడం కొత్త సంగతి కాదు. మన ఇళ్లలో అమ్మలు, అమ్మమ్మలు తొక్కిన కుట్టుమిషనే అందుకు సాక్ష్యం. వాడనప్పుడు మిషను తల బల్లలోకి మడిచి మూత వేస్తే పైన పిల్లలు హోంవర్కు చేసుకునేవారు. కంప్యూటర్ల చరిత్రలోనూ ఇలాంటివి ఉన్నాయి. 1956లో అమెరికాలో వచ్చిన ఎల్‌జీపీ-30 అనే కంప్యూటరు ఒక పెద్ద ఆఫీసు బల్లంత ఉండేది. అందులో 113 వాక్యూమ్ ట్యూబులు, బరువు సుమారు 360 కిలోలు. 1963లో కాన్పూరు ఐఐటీకి వచ్చిన ఐబీఎం 1620 కూడా బల్ల ఆకారంలోనే ఉండేది, దాని ముందు కుర్చీ వేసుకుని టైపు చేసేవారు. వీటిలో యంత్రానికీ బల్లకీ తేడా లేదు, ఒకటి పోతే రెండోదీ పాత ఇనుముకే.

కుట్టుమిషను అలా కాదు. దాని తల పాడైతే మరో తల తెచ్చి అదే బల్లకు బిగించేవారు, బల్ల మాత్రం అమ్మ నుంచి కూతురికి వెళ్లేది. టీవీ స్టాండ్లు గుర్తున్నాయా? ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీకి సరిగ్గా కొలిచి, జారే తలుపులతో, అద్దాల అరలతో చేయించుకున్నారు చాలామంది. పలచటి టీవీలు వచ్చాక అవన్నీ చెప్పుల స్టాండ్లయ్యాయి. కంప్యూటరు ఆయుష్షు ఆరేడేళ్లు, మంచి టేకు ఆయుష్షు రెండు తరాలు. కాబట్టి చెక్కను ఈనాటి కంప్యూటరు కొలతకు కోయకూడదని ముందే నిర్ణయించుకున్నాం. మారని కొలతలు కొన్ని ఉన్నాయి. తెర వెనుక స్టాండు బిగించే నాలుగు బెజ్జాల మధ్య దూరం చాలా కంపెనీలకు 100 మిల్లీమీటర్లే. ఫ్యాన్లకు 120 మిల్లీమీటర్ల కొలత ఏళ్ల తరబడి నడుస్తోంది. చెక్కలో కోత పెట్టింది ఈ రెండు కొలతలకే. మిగతాదంతా ఖాళీ గూడు, అందులో రేపు ఏ కంప్యూటరైనా పెట్టుకోవచ్చు.

ఇక పనివాడి సంగతి. జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లకు కొదవ లేదు. ఉక్కు కర్మాగారం మొదలైన రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు నాలుగో తరంలో ఉన్నాయి. మా వీధి చివర అలాంటి కుటుంబంలోని పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై దాటిన మనిషి. ఫౌండ్రీలో ప్యాటర్న్ మేకరుగా పనిచేసి రిటైరయ్యారు. ఈ ప్యాటర్న్ మేకరు పని మనలో చాలామందికి తెలియదు. ఇనుము పోతపోయాలంటే ముందు ఆ వస్తువు ఆకారాన్ని చెక్కతో చేయాలి. దాన్ని ఇసుకలో అదిమి తీస్తే అచ్చు పడుతుంది, ఆ అచ్చులో కరిగిన లోహం పోస్తారు. అంటే ఉక్కు ఊరిలో ప్రతి పెద్ద పోత వస్తువు వెనుకా ఒక వడ్రంగి ఉంటాడు.

తాతగారి పెట్టెలో ఒక వింత స్కేలు చూశాను. దాని మీద అడుగు అని రాసి ఉంటుంది, మామూలు స్కేలు పక్కన పెడితే మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు పొడవుంటుంది. పోత ఇనుము చల్లారేటప్పుడు అడుగుకు దాదాపు అంత కుంచించుకుపోతుంది, అందుకని చెక్క నమూనాను ముందే ఆ మేరకు పెద్దగా చేయాలి. ఉక్కు ఇంకా ఎక్కువ కుంచించుకుంటుంది, పావు అంగుళం దాకా. దానికి వేరే స్కేలు. "ఇది మీ బల్లకి పనికిరాదు బాబూ, దీంతో కొలిస్తే మీ గదిలో పట్టదు" అని నవ్వుతూ పెట్టెలో పడేశారు. కొలతంటే ఆయనకున్న పట్టింపు మాత్రం మాకు బాగా పనికొచ్చింది.

ముందు ఆయన బల్ల కొలవలేదు, మనుషుల్ని కొలిచారు. మా ఆవిడను, అమ్మాయిని వాళ్లు వాడే కుర్చీల్లోనే పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా కూర్చోమన్నారు. భుజాలు వదులుగా దించి, మోచేతులు లంబకోణంలో మడవమన్నారు. నేల నుంచి మోచేతి కిందికి ఎంతుందో అదే కీబోర్డు ఎత్తు. మా ఆవిడకు 25 అంగుళాలొచ్చింది, అమ్మాయికి 27. భోజనాల బల్ల మీద అయిదంగుళాలు ఎక్కువ ఎత్తులో చేతులు పెట్టి రోజుకు ఆరు గంటలు పనిచేస్తే భుజాలు పైకి లాక్కుని ఉంచక తప్పదు. మెడనొప్పి అందుకే. బల్ల పై ఎత్తు 28న్నర అంగుళాలు పెట్టి, కింద ఇద్దరికీ వేర్వేరు ఎత్తుల్లో జారే కీబోర్డు పలకలు బిగించారు. తెర పై అంచు కళ్ల ఎత్తుకో కాస్త కిందకో రావాలి, చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి. అందుకు బల్ల వెడల్పు 30 అంగుళాలు సరిపోయింది. 24 అంగుళాల బల్లలు బజారులో చవకగా దొరుకుతాయి కానీ వాటి మీద తెర మొహం మీదికొస్తుంది.

ఆరడుగుల బల్ల మధ్యలో 14 అంగుళాల వెడల్పున ఒక నిలువు గూడు వచ్చింది. రెండు చివర్లా ఒక్కో చట్రం. గూటికి ఇటూ అటూ ఒక్కొక్కరికి 27 అంగుళాల మోకాళ్ల చోటు మిగిలింది. గూడు మధ్యలో ఉండటం వల్ల పై పలక నడుమ వంగిపోయే బెడద కూడా తప్పింది.

కర్ర ఎంపిక దగ్గర నేనూ తాతగారూ చాలాసేపు వాదించుకున్నాం. ఈ రాష్ట్రంలో సాల్ కర్ర ప్రసిద్ధి, జార్ఖండ్ రాష్ట్ర వృక్షం కూడా అదే. మన వైపు గుగ్గిలం చెట్టంటారు. గట్టిది, దూలాలకు, రైలు స్లీపర్లకు పేరున్నది. కానీ బరువు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంగుళం మందం ఉన్న పలకను సాల్‌తో చేస్తే సుమారు 30 కిలోలుంటుంది. టేకుతో 23, గుమ్మడి టేకుతో 17. ఈ గుమ్మడి టేకునే ఇక్కడ గమ్హార్ అంటారు. తేలిక, వంకర పోదు, ధర తక్కువ. మెత్తనిది కాబట్టి పై పలకకు గీతలు పడతాయి. చివరికి పైన టేకు, చట్రాలకు గుమ్మడి టేకు, గూటి లోపలి అరలకు ప్లైవుడ్ అని రాజీపడ్డాం. ఎక్కడికి ఏది తగునో అక్కడ అది వేయడం నాకు నచ్చింది. "మొత్తం టేకే" అని గొప్ప చెప్పుకోవడానికి లోపలి అరల్లో డబ్బు పాతిపెట్టనక్కరలేదు.

టేకు కొత్తది కొనలేదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చిన దూలాలు, గుమ్మాలు అడితిలో దొరికాయి. పాత కర్రకు రెండు లాభాలు. చేవ కర్ర ఎక్కువ ఉంటుంది, ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త: లోపల మేకులు దాగి ఉంటాయి, అయస్కాంతంతో వెతికి పీకకపోతే చిత్రిక బ్లేడు పోతుంది. అంచుల్లో తెల్లకర్ర ఉంటే కోయించి తీసేయండి, పుచ్చు పట్టేదీ చెద తినేదీ ముందు అదే. ఈ ప్రాంతంలో చెద ఎక్కువ. కాళ్ల కింద రబ్బరు బిళ్లలు వేసి, గోడకు నాలుగంగుళాలు దూరంగా పెడితే చెదల దారి కంటికి కనబడుతుంది.

కర్ర ఆరినా ఊరుకోదు. "కర్రకి ఊపిరుంటాది బాబూ, వానల్లో పీలుత్తాది, ఎండల్లో వదులుత్తాది" అన్నారు తాతగారు. అది వట్టి మాట కాదు. మే నెలలో ఇక్కడ వడగాలికి గది ఎండుతుంది, జులైలో తలుపులు బిగుసుకుంటాయి. 30 అంగుళాల వెడల్పున్న టేకు పలక ఈ రెండు నెలల మధ్య పావు అంగుళం దాకా వెడల్పు మారవచ్చు. విచిత్రమేమిటంటే పొడవున దాదాపు ఏమీ మారదు, మారేదంతా నారకు అడ్డంగా, వెడల్పులోనే. అందుకే గట్టి పలకను చట్రానికి నాలుగు వైపులా స్క్రూలతో గట్టిగా బిగిస్తే ఏదో ఒక వేసవిలో ఠప్పున పగులుతుంది. దానికి మందు తేలిక. చట్రంలో స్క్రూ బెజ్జాన్ని గుండ్రంగా కాక, వెడల్పు దిశలో పొడుగ్గా కోస్తారు. వాషరు వేసి బిగిస్తే పలక అటూ ఇటూ జరుగుతుంది, పైకి మాత్రం లేవదు. ప్లైవుడ్‌కు ఈ బాధ లేదు. ఒక పొర నారకు ఇంకో పొర నార అడ్డంగా అతికిస్తారు కనుక ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి. ప్లైవుడ్ కొనేటప్పుడు ఐ.ఎస్. 303 అనే ముద్రలో బీడబ్ల్యూఆర్ అని ఉన్నది చూసి తీసుకోండి, తేమను తట్టుకుంటుంది. ఐ.ఎస్. 710 మెరైన్ ప్లై ఇంకా మంచిదే, అయితే అది వంటింటికి, స్నానాలగది తలుపుకు. కంప్యూటరు గూటికి దాని అవసరం లేదని నా అభిప్రాయం.

బదిలీ మాట మొదట్లోనే చెప్పాను కదా. ఈ బల్లలో ఒక్క మేకు లేదు, చట్రాలకు గూటికి మధ్య జిగురూ లేదు. కర్రలో ఇత్తడి మరలున్న గొట్టాలు దిగేసి, వాటిలోకి బోల్టులు బిగించాం. మామూలు స్క్రూను కర్రలో మూడుసార్లు విప్పి బిగిస్తే పట్టు పోతుంది, ఈ గొట్టాలైతే ఎన్నిసార్లు విప్పినా పోదు. ఆరడుగుల పై పలక కూడా ఒకటి కాదు, మూడేసి అడుగుల ముక్కలు రెండు. అతుకు సరిగ్గా గూడు మీదికి వస్తుంది, కింద నుంచి రెండు బోల్టులు లాగి పడతాయి. ఏ ముక్కా పన్నెండు కిలోలు దాటదు, ఏదీ రెండున్నర అడుగుల తలుపులో ఇరుక్కోదు. ప్రతి అతుకు దగ్గరా ఎదురెదురు ముక్కల మీద ఒకే గుర్తును ఉలితో చెక్కారు తాతగారు, ఒకటికి ఒక గీత, రెండుకు రెండు. స్కెచ్ పెన్నుతో రాద్దామన్నాను. "మీకు చెరిగిపోని గుర్తు కావాలా, చెరిగేది కావాలా?" అన్నారు. విప్పి మళ్లీ కూర్చడానికి మా ఆవిడా అమ్మాయీ కలిసి ఒకసారి ప్రయత్నిస్తే గంటా పది నిమిషాలు పట్టింది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు నేను ముందు రిలీవై వెళ్లిపోతాను, ఇల్లు సర్దేది వాళ్లిద్దరే కదా మరి.

ఇప్పుడు వేడి సంగతి. ఈ రకం బల్లలు చాలావరకు చెడేది ఇక్కడే. కంప్యూటరుకు ఇచ్చిన కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది, లెక్కలు చేసినా సినిమా వేసినా అంతే. ఇనుప పెట్టె అయితే ఆ వేడిని కొంత ఒంటి నుంచే వదులుతుంది. చెక్క వదలదు, వేడిని మోయడంలో ఇనుముతో పోలిస్తే కొన్ని వందల వంతు తక్కువ. చెక్క గూట్లో కంప్యూటరు పెట్టి తలుపు వేస్తే దానికి దుప్పటి కప్పినట్టే. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో బ్యాంకు కౌంటర్లు చూసినవాళ్లకు ఇది తెలుసు. 1984లో రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చాక శాఖల్లోకి లెడ్జరు పోస్టింగు యంత్రాలు, తర్వాత కంప్యూటర్లు వచ్చాయి కానీ కౌంటర్లు మాత్రం లెడ్జర్ల కోసం చేసినవే. నేను పనిచేసిన ఒక శాఖలో కౌంటరు కింద చలాన్లు దాచే అరలోనే సీపీయూను తోసి పెట్టారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి అది ఆగిపోయేది. మరుసటి రోజు ఇంజనీరు వచ్చి బల్ల మీద పెట్టి చూస్తే చక్కగా పనిచేసేది.

మా గూట్లో ఉన్నవి ఆఫీసుల్లో వాడే సన్నటి చిన్న క్యాబినెట్లు, నాలుగంగుళాల మందం. కష్టపడి పనిచేసేటప్పుడు ఒక్కోటి సుమారు 80 వాట్లు తీసుకుంటుంది. యూపీఎస్ వేడి కూడా కలిపి 200 వాట్లనుకుందాం. వంద వాట్ల పాత బల్బులు రెండు ఆ గూట్లో వెలుగుతున్నట్టు ఊహించుకోండి. ఆ వేడిని బయటికి పంపుతూ లోపలి గాలి గది కన్నా పది డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే నిమిషానికి సుమారు 37 ఘనపుటడుగుల గాలి మారాలి. 120 మిల్లీమీటర్ల ఫ్యాను డబ్బా మీద 50 అని రాసి ఉంటుంది, కానీ అది అడ్డేమీ లేనప్పటి లెక్క. జాలీ, వంపులు అడ్డొస్తే అందులో సగమే మిగలవచ్చు. అందుకని రెండు పెట్టాం, వెనుక పై భాగంలో. వేడిగాలి ఎలాగూ పైకే పోతుంది, ఫ్యాన్లు దానికి తోడు.

గాలి బయటికి పోవాలంటే లోపలికి రావాలి. ఇది చెప్పేదాకా చాలామంది ఆలోచించరు. రెండు ఫ్యాన్ల నోళ్లు కలిపి 35 చదరపు అంగుళాలు. దుమ్ము రాకుండా దోమల జాలీ వేస్తే సగం దారి జాలీయే తినేస్తుంది కాబట్టి లోపలికొచ్చే దారి రెట్టింపు ఉండాలి, అంటే 70. గూటి ముందు తలుపు కింది భాగంలో పలకపట్టీలు ఏటవాలుగా బిగించి, వాటి సందుల మొత్తం అంత వచ్చేలా చూశాం.

ఇంతకంటే ముఖ్యమైనది ఒకటుంది. క్యాబినెట్టు వెనుక నుంచి వదిలిన వేడిగాలి చుట్టూ తిరిగి మళ్లీ ముందుకొచ్చి, అదే గాలిని ఆ కంప్యూటరే పీల్చుకోవడం. ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఇది జరుగుతుంటే లాభం లేదు. పెద్ద డేటా సెంటర్లలో సర్వర్లను వరసలుగా పెట్టి, చల్లగాలి నడవా ఒకవైపు, వేడిగాలి నడవా మరోవైపు ఉండేలా విడదీస్తారు. మేం చేసింది దాని బొమ్మరిల్లు. రెండు క్యాబినెట్ల వెనుక భాగం చుట్టూ ప్లైవుడ్ గోడ ఒకటి నిలబెట్టి, సందుల్లో స్పాంజి పట్టీ అతికించాం. ముందు గది చల్లది, వెనుక గది వేడిది. మధ్యలో దారి కంప్యూటర్ల గుండానే. మే నెలలో ఒక మధ్యాహ్నం గదిలో 38 డిగ్రీలున్నప్పుడు వెనుక గదిలో థర్మామీటరు పెడితే 45 చూపించింది. ఆ రోజంతా రెండూ ఆగకుండా పనిచేశాయి.

ఇంటర్నెట్టులో కొన్ని బల్లలుంటాయి. అద్దం కింద కంప్యూటరు బోర్డులన్నీ విప్పి పరిచి, రంగురంగుల దీపాలు పెడతారు. అమ్మాయికి అది కావాలనిపించింది, కాసేపు అలిగింది కూడా. నేను ఒప్పుకోలేదు. ఇనుప క్యాబినెట్టు ఉత్త మూత కాదు. దానికి ఎర్తు ఉంటుంది, లోపల ఏ వైరైనా తగిలితే కరెంటు మనిషిలోకి కాక భూమిలోకి పోతుంది. చెక్కకు ఎర్తు లేదు. బోర్డును చెక్క మీద పరిస్తే ఆ రక్షణ పోయినట్టే. పవర్ సప్లై డబ్బా లోపల 230 వోల్టుల సరఫరా సుమారు 325 వోల్టుల డీసీగా మారి కెపాసిటర్లలో నిలుస్తుంది, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు ఉంటుంది. ఆ డబ్బాను ఇంట్లో ఎవరూ, ఎంత తెలిసినవాళ్లయినా విప్పకూడదు. దానికి తోడు బల్ల మీద టీ గ్లాసు ఒలకని ఇల్లు మనలో ఎవరికైనా ఉందా? బదులుగా ఆన్ చేసే బటను మాత్రం బల్ల అంచుకు తెచ్చి ఇచ్చాం. ఆ తీగల్లో 5 వోల్టులకు మించి ఉండదు, భయం లేదు. చిన్న దీపం ఒకటి కూడా వెలుగుతుంది. అలక తీరింది.

చెక్క 45 డిగ్రీలకు అంటుకోదు, 250 దాటితే గానీ ఆ ప్రసక్తి రాదు. నిప్పు పుట్టేది వదులైన ప్లగ్గుల దగ్గర. వదులు కనెక్షన్‌లో చిటపటమని మెరుపు వస్తే అక్కడ వేడి ఎంతకైనా పోతుంది. కాబట్టి గూటి లోపల అతుకుల వైర్లు వద్దు, గొలుసులా ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకోటి తగిలించడం అసలే వద్దు. మాకు గోడలోని ఒక సాకెట్టు నుంచి మూడు తీగల మందపాటి కేబులు ఒక్కటే లోపలికొస్తుంది. ఇనుప పెట్టెలో బిగించిన సాకెట్లలో అది ముగుస్తుంది. 6 ఆంపియర్ల సాకెట్టు 1,380 వాట్ల దాకా మోస్తుంది, మా సరంజామా మొత్తం 300 దాటదు. లేజరు ప్రింటరు ఉన్నవాళ్లు దాన్ని యూపీఎస్‌కు తగిలించకండి. కాగితం వేడిచేసే క్షణంలో అది వెయ్యి వాట్ల దాకా లాగుతుంది, ఇంటి యూపీఎస్ దానికి తట్టుకోలేదు. మీటరు బోర్డులో ఎంసీబీ ఉంటే సరిపోతుందనుకోవద్దు. అది ఎక్కువ లోడుకు, షార్టుకు. మనిషికి షాకు తగలకుండా కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. అద్దె ఇల్లయినా ఇంటివారిని అడిగి పెట్టించుకోండి, పిల్లలున్న ఇంట్లో నేను దీన్ని ఖర్చుగా లెక్కపెట్టను.

యూపీఎస్‌ను కింది అరలో, చల్లగాలి వచ్చే వైపు ఉంచాం. దాని బ్యాటరీకి వేడి పడదు, ఉండాల్సిన దానికన్నా పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. చార్జయ్యేటప్పుడు కొద్దిగా హైడ్రోజను వాయువు కూడా వదలవచ్చు కనుక గాలి ఆడని పెట్టెలో పెట్టకూడదు. కరెంటు తీగలు గూటికి ఎడమవైపు, నెట్టు, తెరల తీగలు కుడివైపు వెళతాయి. బల్ల మీద రెండంగుళాల బెజ్జాలు రెండే. వైఫై చెక్క గుండా బాగానే వెళుతుంది, ఇనుము గుండా వెళ్లదు. అందుకని యాంటెన్నాలు మాత్రం క్యాబినెట్ల బయట, గూటి వెనుక నిలబెట్టాం.

చివరగా పాలిష్. జార్ఖండ్ లక్కకు పుట్టిల్లు. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ 1924 నుంచీ ఉంది. ఇక్కడ చప్డా లక్క తేలిగ్గా దొరుకుతుంది, స్పిరిట్‌లో నానబెట్టి గుడ్డతో పూత మీద పూత వేస్తే టేకు రంగు తేనెలా తేలుతుంది. తాతగారికి అదంటే ప్రాణం. కానీ లక్కకు వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, శానిటైజరు చుక్క పడితే కరుగుతుంది. రెండూ మన ఇళ్లలో రోజూ జరిగేవే. కాబట్టి చట్రాలకు, గూటి తలుపుకు లక్క, పై పలకకు పీయూ పూత అని తేల్చుకున్నాం. పై పలక అడుగు వైపు కూడా రెండు పూతలు వేయించాలి. పైనొక్కటే వేస్తే కింది నుంచి తేమ పీల్చుకుని పలక దోనెలా వంగుతుంది. కనబడని వైపు ఎందుకు దండగ అనే వడ్రంగులుంటారు, నిలబడి వేయించుకోండి.

పనంతా అయిదు వారాలు పట్టింది, అందులో పది రోజులు వానకు పూత ఆరక ఆగినవే. ఖర్చులో పెద్ద వాటా టేకుది, తర్వాత కూలిది. ఫ్యాన్లు, సాకెట్లు, ఆర్‌సీసీబీ, బోల్టులు అన్నీ కలిపినా ఏడో వంతు కాలేదు. అయినా డబ్బు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు ఆ ఏడో వంతులోనే కోత పెడతారు. తగ్గించాలంటే కర్రలో తగ్గించండి. మొత్తం గుమ్మడి టేకుతో చేసినా బల్ల నిలుస్తుంది, గీతలు పడితే పడతాయి.

మా ఆవిడ మెడనొప్పి పూర్తిగా పోయిందని చెప్పను, ఏడాదిగా పట్టిన నొప్పి. రాత్రిళ్లు బామ్ డబ్బా వెతుక్కోవడం మాత్రం తగ్గింది. ఇక నెలకోసారి చేయాల్సిన పని ఒక్కటే ఉంది. ముందు తలుపు జాలీ మరలు లేకుండా అయస్కాంతాలతో అతుక్కుని ఉంటుంది. లాగి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక తిరిగి పెట్టాలి. సిద్ధగోరా దుమ్ముకు నెలలో అది బూడిదరంగు గుడ్డలా తయారవుతుంది. రెండో ఆదివారం ఆ పని అమ్మాయిది.